పాలిఎసిటిలీనా, పాలిఎనిలీనా: ఏది మేలు?

ఏటా సెమినార్ల టైముకి ఎమ్మెస్సీ పిల్లలు ఇదే అడుగుతారు: "సార్, కరెంటు పారే ప్లాస్టిక్ మీద చేద్దామనుకుంటున్నాం. పాలిఎసిటిలీన్ తీసుకోమంటారా, పాలిఎనిలీనా?" ఈసారి ల్యాబ్ డెమో కోసం ఆ రెండింట్లో ఒకటి నేనే ఎంచుకోవాల్సి వచ్చింది.

పేరంతా పాలిఎసిటిలీన్‌దే. 1967లో టోక్యోలో రసాయన శాస్త్రవేత్త షిరకావా పనిచేసే ల్యాబ్‌లో ఉత్ప్రేరకం పొరపాటున వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. నల్లటి పొడి రావాల్సింది, ద్రావణం మీద మీగడ కట్టినట్టు మెరిసే పొర కట్టింది. పదేళ్ల తర్వాత ఆయన అమెరికాలోని పెన్సిల్వేనియాలో మెక్‌డయార్మిడ్, హీగర్‌లతో కలిసి అలాంటి పొరకే అయోడిన్ ఆవిరి పట్టిస్తే వాహకత కోటి రెట్లు పెరిగింది. ముగ్గురికీ 2000లో నోబెల్ వచ్చింది. 1987 కల్లా దీని వాహకత సెంటీమీటరుకు లక్ష సీమెన్స్ (వాహకత కొలిచే యూనిట్) దాటింది. రాగిది సుమారు 6 లక్షలు. అంకెల్లో పాలిఎనిలీన్ దీని దరిదాపుల్లోకి కూడా రాదు.

అయితే గాలి తగిలితే ఇది నిలవదు. గొలుసులోని డబుల్ బాండ్లను ఆక్సిజన్ పట్టుకుంటుంది, పొర పెళుసైపోతుంది, వాహకత పడిపోతుంది. తయారీకి కూడా గాలి చొరబడని సరంజామా కావాలి. ఎంత కరెంటు పారుతుందన్నదానికంటే, వారం తర్వాత కూడా పారుతుందా అన్నదే నాకు ముఖ్యం.

పాలిఎనిలీన్ గెలిచేది అక్కడే. 1862లోనే లండన్‌లో లెథెబీ అనే రసాయన శాస్త్రవేత్త ఆమ్లంలో అనిలీన్‌కి విద్యుత్తు పెడితే ప్లాటినం మీద ముదురు నీలం పొర పేరుకుంది. దాని విద్యుత్ గుణం మాత్రం వందేళ్ల దాకా ఎవరికీ పట్టలేదు. ఇప్పుడైతే అనిలీన్ హైడ్రోక్లోరైడ్, అమ్మోనియం పర్‌సల్ఫేట్ నీళ్లలో కలిపితే చాలు. కాసేపు ఏమీ కనబడదు. తర్వాత నీలం తిరుగుతుంది, చివరికి ముదురాకుపచ్చ అవుతుంది, బీకరు గోడకి కూడా ఆ పొర అంటుకుంటుంది. ఇదే పద్ధతిని వేర్వేరు ల్యాబుల్లో చేయించి రసాయన శాస్త్ర అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 2002లో ప్రకటించిన సగటు వాహకత సెంటీమీటరుకు 4.4 సీమెన్స్.

మేం ఫిల్టర్ పేపర్ ముక్కని అందులో ముంచి, కడిగి, ఆరబెట్టి మల్టీమీటర్ పెట్టాం. రీడింగ్ వచ్చింది. అమ్మోనియా సీసా మూతి దగ్గర పట్టుకుంటే ఆకుపచ్చ కాస్తా నీలమైంది, మీటరు పలకలేదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి చూపిస్తే పచ్చదనమూ తిరిగొచ్చింది, రీడింగూ తిరిగొచ్చింది. డోపింగ్ (అయోడిన్, ఆమ్లం లాంటివి చేర్చి పాలిమర్‌లో కరెంటు పారేలా చెయ్యడం) అంటే ఏమిటో బోర్డు మీద గంటసేపు చెప్పినా పిల్లలకి ఇంత బాగా ఎక్కదు.

ఇలాంటిదే మరో ప్లాస్టిక్, పాలిపిరోల్ కూడా మంచిదే. 1963లో ఆస్ట్రేలియాలో వైస్ బృందం దాని వాహకత గురించి రాసింది, కావాలంటే చూడండి. 1954లో జపాన్‌లో చేసిన, కరెంటు పారే పెరిలీన్-బ్రోమిన్ సమ్మేళనం చరిత్రకి గొప్పదే కానీ ఎక్కువకాలం నిలవదు, డెమోకి వద్దు.

సాలిటాన్ల (గొలుసులో బాండ్ల వరుస మారే చోటు, అలలా కదిలేది) సిద్ధాంతం మీద మనసుంటే మాత్రం పాలిఎసిటిలీనే తీసుకోండి, 1979 నాటి సు, ష్రీఫర్, హీగర్ పేపర్ దగ్గర మొదలుపెట్టండి. చేత్తో చేసి చూపించాలంటే నా ఓటు పాలిఎనిలీన్‌కే. అనిలీన్ విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. గ్లవ్స్ వేసుకుని ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యండి. సీసాలో అనిలీన్ గోధుమరంగు తిరిగి ఉంటే డిస్టిల్ చేశాకే వాడండి.