అంబాసిడర్‌లో పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టాక: చాలాకాలం వాడి చెబుతున్న మాట

టైమింగ్, అంటే ప్లగ్గులో స్పార్క్ పడే వేళ, పెట్టినచోట పెట్టినట్టు నిలబడితే ఎంత సుఖమో పాయింట్లతో (స్పార్క్ కోసం కరెంటు తెంపే చిన్న స్విచ్‌తో) వేగినవాళ్లకే తెలుస్తుంది. నా అంబాసిడర్‌లో ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లోంచి పాయింట్లు, వాటి కండెన్సర్ పీకేసి, అయస్కాంతం రింగుతో పనిచేసే చిన్న ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించి చాలాకాలమైంది. ఇన్నాళ్లూ అడిగినవాళ్లందరికీ ‘కళ్లు మూసుకుని పెట్టించుకోండి’ అనే చెప్పాను. ఇప్పుడు కూడా వద్దనను కానీ, ఆ ‘కళ్లు మూసుకుని’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

నా బండి మామూలు బండి కాదు, కాబట్టి నా మాటలన్నీ అందరికీ వర్తించవు. ఇంజన్ పాత 1489 సీసీదే. ఎం.జి. స్పోర్ట్స్ కార్లలో వచ్చింది కూడా ఈ బి-సిరీస్ ఇంజనే కాబట్టి, దానికి సరిపోయే మానిఫోల్డ్ ఒకటి, రెండు ఎస్.యు. రకం కార్బరేటర్లు (గాలి, పెట్రోలు కలిపేవి) సంపాదించి బిగించాం. విజయవాడ ఆటోనగర్‌లో హెడ్ ఫేసింగ్ కొట్టించి (అడుగు కాస్త చెక్కించి) కంప్రెషన్ కొంచెం పెంచాం. అందుకని కంపెనీ పుస్తకంలో టైమింగ్ ఎన్ని డిగ్రీలని రాశారో నాకు అనవసరం. ఆ పుస్తకం రాసిననాటి పెట్రోలు వేరు, ఇవాళ బంకులో పోస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వేరు.

పాయింట్లతో ఉన్న బాధ ఏమిటంటే, క్యామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ నెమ్మదిగా అరిగిపోతుంది. అది అరిగిన కొద్దీ గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గిన కొద్దీ టైమింగ్ రిటార్డ్ (ఆలస్యం) అవుతుంది. 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) గేజ్ పెట్టి సరిచేస్తాం, ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దుతాం. కొన్నాళ్లకు పికప్ తగ్గిందనిపిస్తే మళ్లీ అదే పని. మామూలు సోలెక్స్ కార్బరేటర్, తక్కువ కంప్రెషన్ ఉన్న బండికి ఈ కాస్త తేడా పెద్దగా పట్టింపు ఉండదు. నా బండికి ఉంటుంది. ఒకటి రెండు డిగ్రీలు ముందుకు పోతే నాకింగ్ (ఇంజన్‌లో టకటక శబ్దం), వెనక్కి పోతే ఇంజన్ వేడి.

కిట్ పెట్టాక ఆ గొడవ మొత్తం పోయింది. నేను అసలు ఊహించని లాభం కార్బరేటర్ల వైపు వచ్చింది. ఎస్.యు. పక్కన ఒక చిన్న పిన్ను ఉంటుంది. స్లోలో (కాలు తొక్కకుండా) ఇంజన్ తిరుగుతుండగా ఆ పిన్నుతో లోపలి పిస్టన్‌ను మిల్లీమీటరు లోపు పైకెత్తాలి. ఇంజన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే మిక్స్‌చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ). తడబడి ఆగిపోబోతే లీన్ (పెట్రోలు తక్కువ). కాస్త పెరిగి వెంటనే సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇంత తేలిక పరీక్ష ఇంకే కార్బరేటర్‌కూ నేను చూడలేదు. కానీ పాయింట్ల రోజుల్లో స్లోనే ఊగుతుండేది. అది పిన్ను వల్ల మారిందో దానంతటదే మారిందో తెలిసేది కాదు. కిట్ వచ్చాక స్లో కుదురుగా నిలబడి, పిన్ను చెప్పేది స్పష్టంగా వినిపిస్తోంది. ఇథనాల్ పెట్రోలుకు పెట్రోలు పెంచే రెండు జెట్ నట్లనూ రెండేసి పలకలు (నట్టు ముఖాలు) కిందికి తిప్పాల్సి వచ్చిందని తేలింది కూడా దీనివల్లే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి పెట్రోలు కొంచెం ఎక్కువ పోయాలి. కొత్త బండ్లలో సెన్సార్ చూసుకుంటుంది, మన బండిలో స్పానర్ పట్టుకున్న చెయ్యి చూసుకోవాలి.

టైమింగ్ నేను స్లోలో పెట్టను. కార్బరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ పైపు పీకి మూసేసి, 3500 ఆర్‌పీఎం దగ్గర స్ట్రోబ్ లైటు (టైమింగ్ గుర్తు చూసే మిణుకు లైటు) కొట్టి, మొత్తం అడ్వాన్స్ (స్పార్క్ ఎంత ముందు పడుతోందన్న లెక్క) 32 డిగ్రీలు దాటకుండా చూస్తాను. ఆ తర్వాత కొండవీడు ఘాట్ రోడ్డు మీద మూడో గేరులోనే లాగిస్తాను. పక్క సీట్లో మా బావమరిది అద్దం దించి చెవి బయటపెట్టి కూర్చుంటాడు. కొండ గోడ పక్కనుంచి వెళ్లేటప్పుడు ఇంజన్ శబ్దం తిరిగి మీదికొస్తుంది కాబట్టి సన్నటి నాకింగ్ కూడా దొరికిపోతుంది. (వాడికి చేతనైన మెకానిక్ పని ఇదొక్కటే, కానీ చెవి మాత్రం మంచిది.) నాకింగ్ వినిపిస్తే డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న చిన్న గరుకు నట్టును ఆర్ (రిటార్డ్) వైపు తిప్పుతాం. 11 క్లిక్కులు తిప్పితే ఒక డిగ్రీ. ఈ కిట్ పాత డిస్ట్రిబ్యూటర్ లోపలే ఇమిడిపోయింది కాబట్టి ఆ నట్టు మనకు మిగిలింది. మొత్తం డిస్ట్రిబ్యూటరే మార్చేసే రకాలు కూడా వస్తున్నాయి. నాకు నచ్చలేదు.

ఇక, ‘కళ్లు మూసుకుని’ అన్న మాట నాచేత వెనక్కి తీసుకునేలా చేసిన మిస్సింగ్ (మధ్యమధ్య స్పార్క్ తప్పి ఇంజన్ తడబడటం) సంగతి. ఒకరోజు సాయంత్రం గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్ గేటు దాటాక బండి ఎక్కిళ్లు పెట్టడం మొదలైంది. 50, 60 మధ్య కాలు తేలిగ్గా పెట్టి పోతుంటే టక్కు టక్కుమని మిస్ కొడుతోంది. స్లోలో ఏమీ లేదు. కాలు నిండా తొక్కితే కూడా ఏమీ లేదు, గట్టిగా లాగుతోంది. మంగళగిరి దాటి కనకదుర్గ వారధి ఎక్కేదాకా అదే వరస. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది.

మర్నాడు కార్బరేటర్ పని చేసే ఆయన ఒక రౌండు వేసి వచ్చి, “అంతా ఇథనాల్ మహిమ సార్, లీన్ అయిపోయింది” అన్నాడు. ఆ మాట తప్పనడానికి వీల్లేదు, తేలిక కాలు మీద మిస్ కొట్టడం లీన్ లక్షణమే. జెట్లు ఇంకా కిందికి దించాడు, డ్యాష్‌పాట్‌లో నూనె మార్చాడు, ఫ్లోట్ గిన్నెలు కడిగాడు. ప్లగ్గులు నల్లగా మసిబారాయి, మిస్సింగ్ మాత్రం అలాగే ఉంది. ఇంకో మిత్రుడేమో, ఎలక్ట్రానిక్ వస్తువు మన బెజవాడ ఎండకు ఆగదు, కిట్టే పోయిందని తేల్చేశాడు. సరే అని డిక్కీలో దాచిన పాత పాయింట్లు, కండెన్సర్ తీసి మళ్లీ పెట్టించాను. అప్పుడూ అదే మిస్సింగ్. అంటే కిట్ కాదు. కార్బరేటరూ కాదనిపించింది. మరేమిటి?

గుంటూరులో ఒక పెద్దాయన ఉన్నాడు, ఒకప్పుడు అంబాసిడర్ ట్యాక్సీలన్నీ ఆయన దగ్గరికే వైరింగ్ పనికి వచ్చేవి. ఆయన బానెట్ ఎత్తకముందే అడిగాడు: “కాలు నిండా తొక్కితే బాగుంటోందా బాబూ?”

“బాగానే ఉంటోంది మేస్త్రి గారూ.”

ఆయన వ్యాక్యూమ్ పైపు పీకి, దాని నోట్లో ఒక స్క్రూ దూర్చి, “ఒక రౌండు వేసి రా” అన్నాడు. లక్ష్మీపురం దాకా వెళ్లి వచ్చాను. ఒక్క మిస్ కూడా లేదు.

తేలిక కాలు మీద వ్యాక్యూమ్ ఎక్కువగా ఉంటుంది, అది పాయింట్లో కిట్టో బిగించి ఉండే డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటును పక్కకు లాగుతుంది. స్లోలో నా కార్బరేటర్ వ్యాక్యూమ్ ఇవ్వదు. కాలు నిండా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోతుంది. కాబట్టి ప్లేటు కదిలినప్పుడే తేడా వస్తోందన్నమాట. ఆయన క్యాప్ తీసి, టెస్ట్ బల్బు పెట్టి, స్క్రూడ్రైవర్‌తో ప్లేటును నెమ్మదిగా నెట్టాడు. బల్బు ఆరుతూ వెలుగుతూ ఉంది. తేడా అంతా ప్లేటు నుంచి బాడీకి వెళ్లే, బెత్తెడు కూడా లేని ఎర్త్ వైరుది. పైన గుడ్డ తొడుగు చెక్కుచెదరలేదు, లోపల తీగలు తెగిపోయాయి. పాయింట్లైనా కిట్టైనా ఎర్త్ తీసుకునేది దాని నుంచే. అందుకే ఏది పెట్టినా మిస్ కొట్టింది.

మామూలు వైరు వేస్తే ప్లేటు ఆడేటప్పుడు మళ్లీ తెగుతుందని, సన్న తీగలు చాలా ఉన్న మెత్తటి వైరు వెతికి టంకం పెట్టాడు. పని చేస్తూనే, రోటార్ (క్యాప్ లోపల తిరిగే ముక్క) కింద నూనె పట్టి ఉంచే ఫెల్ట్ ముక్కను వేలితో చూపించాడు. “ఇది చూడు, అప్పడంలా ఎండింది. కిట్ పెట్టినవాళ్లెవరూ క్యాప్ తీయరు బాబూ.”

కిట్ మీద నా కోపం అక్కడే. డబ్బాలో వచ్చిన కాగితం మీద ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. వాళ్లు అమ్మిన ముక్క వరకే ఆ మాట నిజం. దాని కింద ఉన్న, స్పీడును బట్టి అడ్వాన్స్ మార్చే వెయిట్లు, స్ప్రింగులు, షాఫ్టు, వైరు అన్నీ ఎప్పటివో పాతవే. పాయింట్లు ఉన్నప్పుడు ఆ వంకతో కొన్ని నెలలకోసారి క్యాప్ తెరుచుకునేది. ఫెల్ట్ మీద రెండు చుక్కలు నూనె పడేది, రోటార్ మాడిందా, వైరు నలిగిందా అన్నది కళ్లబడేది. ఇప్పుడు తెరవాల్సిన పనే లేకపోవడంతో లోపల జరిగేది ఎవరికీ కనబడదు. టైమింగ్ ఎప్పటికీ కదలదని నేను చెప్పుకునేదాన్ని కూడా కొంచెం సవరించాలి. గ్యాప్ వల్ల కదలదు, అంతే. వెయిట్లు బిగుసుకున్నా, స్ప్రింగులు సాగినా అడ్వాన్స్ మారుతుంది. దానికి స్ట్రోబ్ లైటు కొట్టి చూసుకోవాల్సిందే.

ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేస్తే కిట్ కాలిపోవచ్చని అందరికీ తెలిసిందే, కానీ డ్రైవర్ బండి తుడిచేటప్పుడు పాటలు పెట్టుకునే ఇళ్లలో ఇది గట్టిగా చెప్పి పెట్టుకోవాలి. మే నెలలో బండి ఆపి పది నిమిషాలయ్యాక స్టార్ట్ చేస్తే మొండికేస్తోంది, దాన్ని కిట్ ఏమీ చేయలేదు. ఈ ఇంజన్‌లో కార్బరేటర్లూ సైలెన్సర్ మానిఫోల్డూ ఒకే పక్క ఉంటాయి, కింది వేడికి గిన్నెలో పెట్రోలు మరుగుతుంది. దానికి మధ్యలో రేకు అడ్డం పెట్టించాలి.

తీసుకోవచ్చా అంటే, నాలాగా రెండు కార్బరేటర్లు, పెంచిన కంప్రెషన్ ఉంటే తీసుకోండి. నేను మళ్లీ పాయింట్లకు వెళ్లను. మార్పులేవీ చేయని బండి, వారానికోసారి బజారుకు తీసే బండి, ఇంటి దగ్గర్లో పాయింట్లు సెట్ చేసే మేస్త్రి ఉన్న బండి అయితే పెట్టే డబ్బుకు కనిపించే తేడా తక్కువ. రాత్రిళ్లు దూరం వెళ్లే అలవాటుంటే ఇంకోటి ఆలోచించుకోవాలి. కిట్ పోయేటప్పుడు చెప్పి పోదు, చిలకలూరిపేట దగ్గర అర్ధరాత్రి దొరకదు. పాయింట్ల సెట్టు, కండెన్సర్, గేజ్ ఇప్పటికీ నా డిక్కీలో ఉంటాయి. కిట్ బిగించే రోజే ప్లేటు ఎర్త్ వైరు మార్పించి, ఫెల్ట్‌కు నూనె వేయించండి. రెండూ కలిపి గంట కూడా పట్టదు.