మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్: ఒక్కరోజు రైలు ప్రయాణంలో డబ్బు ఎక్కడ పోతుందంటే

మ్యూనిక్‌లో ఉంటూ సాల్జ్‌బర్గ్ చూడకపోవడం అన్యాయం. నూట యాభై కిలోమీటర్ల దూరం, రైల్లో రెండు గంటలు కూడా పట్టదు, దిగితే ఆస్ట్రియా. జర్మనీ అంతటా సిటీ రవాణాలో, ప్రాంతీయ రైళ్లలో తిరగనిచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లకి దారిఖర్చే లేదు. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఈ నెలవారీ పాస్ 2025లో 58కి, 2026 జనవరి నుంచి 63కి పెరిగింది. సరిహద్దు దాటినా సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ దాకా చెల్లుతుంది. ఇంత మంచి పాస్ చేతిలో పెట్టుకుని కూడా మన పిల్లలు జరిమానా కట్టి వస్తున్నారంటే కడుపు మండిపోతుంది. దానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఎక్కకూడని రైలు ఎక్కడం.

మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్‌కి రెండు రకాల రైళ్లున్నాయి. ఆర్‌ఈ 5 అనే ప్రాంతీయ రైలు ఒకటి. దీన్ని బీఆర్‌బీ అనే రైలు కంపెనీ నడుపుతుంది, దాదాపు గంటకొకటి ఉంటుంది. రెండోది రైల్‌జెట్, ఈసీ లాంటి దూరప్రాంతపు రైళ్లు. వీటిలో డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లదు, బవేరియా రాష్ట్రానికి ఒక్కరోజు టికెట్ అయిన బయర్న్ టికెట్ కూడా చెల్లదు. యాప్‌లో మామూలుగా వెతికితే రెండూ కలిసే కనిపిస్తాయి. వేగంగా వెళ్లేది కంటికి ముందు ఆనుతుంది, స్టేషన్‌లో పక్క ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంటుంది. "నా దగ్గర పాస్ ఉంది కదా" అని ఎక్కేస్తే కనీసం 60 యూరోల జరిమానా. పొరపాటున ఎక్కాననీ, స్టూడెంట్‌ననీ ఎంత చెప్పినా లాభం లేదు. ఇంతా చేసి ఆదా అయ్యేది ఇరవై నిమిషాల అటూ ఇటూ. జర్మన్ రైల్వే యాప్ డీబీ నావిగేటర్‌లో డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లే రైళ్లు మాత్రమే చూపించే సెట్టింగ్ ఉంది. బయల్దేరే ముందు రాత్రే అది ఆన్ చేసి పెట్టుకోండి. లైన్ పనులుంటే రైలు బదులు బస్సు పెట్టారేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇంకో మెలిక ఉంది. కొన్ని రైళ్లు రోజెన్‌హైమ్‌లో రెండుగా విడిపోతాయి. ఒక భాగం సాల్జ్‌బర్గ్‌కి, ఇంకోటి కుఫ్‌స్టైన్‌కి. రెండూ ఆస్ట్రియాలోనే ఉన్నాయి కాబట్టి తప్పు భాగంలో కూర్చున్నా చాలాసేపు అనుమానం రాదు. ఎక్కేటప్పుడు పెట్టె మీద బోర్డు చదవండి. సీటు ఎడమ వైపు చూసుకుంటే కీమ్‌జే సరస్సు, కుడి వైపైతే కొండలు. శనివారం పొద్దున మ్యూనిక్ మెయిన్ స్టేషన్‌లోనే ఎక్కండి. తర్వాతి స్టేషన్ మ్యూనిక్ ఓస్ట్‌లో ఎక్కితే నిలబడే వెళ్లాలి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లకి మీ పాస్ పనికిరాదు, అది ఒక్క పేరుకే. కొత్తగా పాస్ కొనడం కూడా దండగ, నెలనెలా దానంతటదే సాగే చందా అది, ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. వాళ్లకి బయర్న్ టికెట్ తీయండి. మొదటి మనిషికి 30 యూరోల చుట్టుపక్కల, ఆపైన ఒక్కొక్కరికి పది యూరోల చుట్టుపక్కల, ఐదుగురి దాకా ఒకే టికెట్. ప్రయాణికుల పేర్లు దాని మీద ఉండాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 9 తర్వాతే చెల్లుతుంది. మీ పాస్‌కి ఆ అడ్డు లేదు కదా అని ఎనిమిదింటి రైలుకి అందర్నీ తీసుకెళ్తే జరిమానా పెద్దవాళ్లకి పడుతుంది. శని, ఆదివారాల్లో ఆ గొడవ లేదు.

ఇక కాగితాలు. రెండు దేశాలూ సరిహద్దు తనిఖీల్లేని షెంగెన్ కూటమిలో ఉన్నాయి కాబట్టి సరిహద్దే లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఆస్ట్రియా వైపు నుంచి వచ్చే రైళ్లని జర్మనీ 2015 నుంచీ తనిఖీ చేస్తూనే ఉంది. తిరుగు ప్రయాణంలో జర్మనీ వైపు మొదటి స్టేషన్ ఫ్రైలాసింగ్‌లో పోలీసులు ఎక్కుతారు, రైలు కాసేపు ఆగుతుంది. అసలు పాస్‌పోర్టు, అసలు రెసిడెన్స్ కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. కొత్తగా వచ్చిన విద్యార్థులకి డి వీసా (దీర్ఘకాలం ఉండే వీసా) మీదే ఆస్ట్రియా వెళ్లే హక్కుంది. సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు కూడా నిశ్చింతగా వెళ్లిరావచ్చు, జర్మనీ నుంచి ఆస్ట్రియాకి వెళ్తే ఎంట్రీ ఖర్చవదు. జాగ్రత్త పడాల్సింది కార్డు రెన్యువల్‌కి ఇచ్చి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక అనుమతి కాగితంతో నడిపేవాళ్లు. అందులో సెక్షన్ 81, 4వ పేరా గడిలో టిక్ ఉంటే, పాత కార్డు, పాస్‌పోర్టుతో కలిపి పట్టుకుని వెళ్లవచ్చు. 3వ పేరాలో టిక్ ఉంటే మాత్రం వెళ్లకండి, తిరిగి లోపలికి రావడానికి అది పనికిరాదు.

సాల్జ్‌బర్గ్‌లో దిగాక పాస్ పని అయిపోయినట్టే, సిటీ బస్సులో అది చెల్లదు. బస్సు అవసరమూ లేదు. పదిహేను నిమిషాలు నడిస్తే మిరాబెల్ తోట, ఉచితం. అక్కడి నుంచి నది దాటితే గెట్రైడెగాసె. 1756 జనవరి 27న సంగీతకారుడు మోట్జార్ట్ పుట్టిన ఇల్లు ఆ వీధిలోనే 9వ నంబరు. సంగీతం మీద నిజంగా ఇష్టముంటే టికెట్ కొనండి, లేకపోతే బయటి నుంచి చూడటం చాలు. 1077లో మొదలుపెట్టి కట్టిన హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోటకి మాత్రం డబ్బు పెట్టవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే 1892 నుంచి నడుస్తున్న కేబుల్ రైలు ఎక్కించండి, ఆ ఎక్కుడు చాలా నిటారు. ఊరంతా పైనుంచి చూస్తే చాలనుకుంటే లింట్సర్‌గాసె పక్క మెట్ల మీదుగా కపుట్సినర్‌బెర్గ్ కొండ ఎక్కండి. పైసా ఖర్చు లేదు, కోటా నదీ గోపురాలూ ఒకే చూపులో వస్తాయి. పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం దాటితే ఎండ ఎదురుగా కొట్టి ఫోటోలు పాడవుతాయి. కోట, మ్యూజియం, బస్సు అన్నీ చేసేవాళ్లకే, అవన్నీ ఒకే ధరలో కలిపిన సాల్జ్‌బర్గ్ కార్డు గిట్టుబాటు.

అడుగడుగునా ఎర్ర, బంగారు కాగితాల్లో కనిపించే మోట్జార్ట్ చాక్లెట్ ఉండలు ఫ్యాక్టరీ సరుకు. మ్యూనిక్ సూపర్‌మార్కెట్‌లోనూ దొరుకుతాయి, ఇక్కడ సంచులకొద్దీ కొని మోయకండి. 1890లో పౌల్ ఫ్యుర్స్ట్ కనిపెట్టిన అసలువి వెండి రంగు కాగితంలో నీలి బొమ్మతో ఉంటాయి, ఫ్యుర్స్ట్ దుకాణాల్లోనే అమ్ముతారు. పిస్తా కలిపిన మార్జిపాన్ (బాదం, చక్కెర) ముద్ద చుట్టూ నూగాట్ (గింజల క్రీము) పట్టించి, పుల్లకి గుచ్చి చాక్లెట్‌లో ముంచుతారు. ఆరాక పుల్ల లాగేసి ఆ రంధ్రాన్ని చాక్లెట్‌తో పూడుస్తారు. చేత్తో చేసిన పని, ఒక్కోటి రెండు యూరోల అటూ ఇటూ పడినా ఒప్పుకోవచ్చు.

తిండి దగ్గర శాకాహారులకి అసలు చిక్కు. కాస్‌ప్రెస్‌క్నోడెల్ సూప్ అంటే చీజ్ ఉండలే కదా అని తెప్పించుకోకండి, చాలాచోట్ల ఆ చారు గొడ్డుమాంసం ఎముకలతో కాచిందే. అట్టు ముక్కలు వేసే ఫ్రిటాటెన్ సూప్‌దీ అదే కథ. నమ్మకంగా తినదగింది కాస్‌నోకెన్, అంటే చీజ్ వేసిన చిన్న పిండి ఉండలు. ఇనుప పెనంలోనే తెచ్చిపెడతారు, చీజ్ తీగలు సాగుతుంటాయి, పైన వేయించిన ఉల్లిపాయలు. ఇద్దరికి ఒక పెనం సరిపోతుంది. అందులో పంది ముక్కలు వేయరు కదా అని ఒక మాట అడగండి. బోస్నా బన్నులో కూరపొడి వాసన మనల్ని లాగుతుంది కానీ లోపలి సాసేజీ సాధారణంగా పందిమాంసం. కొన్ని హోటళ్లలో కుళాయి నీళ్లకి కూడా బిల్లు వేస్తారు. చాలా వీధి ఫౌంటెన్లలో తాగునీళ్లే వస్తాయి, సీసా పట్టుకెళ్లండి. పెద్దవాళ్లతో వెళ్తే పులిహోర కట్టుకెళ్లడమే ఉత్తమం, మిరాబెల్ తోట బెంచీ మీద హాయిగా తినవచ్చు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, స్టేషన్‌లోని సూపర్‌మార్కెటే దిక్కు.

తిరుగు ప్రయాణానికి ఆఖరి రైలు మీద ఆధారపడకండి, దాని ముందుదాన్ని పట్టుకోండి. ఫ్రైలాసింగ్ తనిఖీలో ఆలస్యమైతే మ్యూనిక్‌లో మీ ఎస్-బాన్ (లోకల్ రైలు) తప్పిపోతుంది. ఫోన్‌లో కనీసం ఇరవై శాతం చార్జ్ ఉంచుకోండి, పాస్ అందులోనే ఉంది కదా. ఎక్కేముందు బోర్డు మీద మళ్లీ ఆర్‌ఈ 5 అనే ఉందా చూడండి, సాయంత్రం అలసటలోనే రైల్‌జెట్ ఎక్కేవాళ్లు ఎక్కువ.