బత్తాయి నారుకు ఏది మేలు: మందు నీళ్ళా, ఎండ వేడా?

నారుమడిలో బత్తాయి అంటుకట్టే జంబేరి నిమ్మ మొక్క తల వాల్చగానే చాలామంది చెయ్యి యూరియా సంచి మీదికి పోతుంది. ముందు ఆ మొక్కను పీకి చూడాలి. మట్టిని ఆనుకున్న చోట కాండం నీరుపట్టి దారంలా సన్నబడితే అది నారుకుళ్ళు. పిల్లవేరును రెండు వేళ్ళతో లాగినప్పుడు పైపొర తొడుగులా ఊడి వచ్చి లోపల పీచు మిగిలితే వేరుకుళ్ళు. రెంటికీ మందు యూరియాలో లేదు.

మెటలాక్సిల్ అనే తెగులు మందు కలిపిన నీళ్ళు పోస్తే, ఈ కుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా, పిథియం శిలీంధ్రాలు త్వరగా అదుపులోకి వస్తాయి. కానీ రైజోక్టోనియా అనే మరో శిలీంధ్రం వల్ల వచ్చే కుళ్ళును అది ఆపదు. పైగా ఏటా అదే మందు పోస్తుంటే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది.

మడి మట్టిని ఎండ వేడితో శుద్ధి చేయడం నిదానమైన పని. ఏప్రిల్, మే నెలల్లో మడిని బాగా తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి, 4 నుంచి 6 వారాలు కదపకూడదు. నేల పొడిగా ఉంటే వేడి లోపలికి దిగదు. నల్ల షీటు కప్పి ఫలితం లేదని పెదవి విరిచేవాళ్ళూ ఉన్నారు! అనంతపురం, నల్లగొండ ఎండల్లో ఈ పద్ధతికి పైసా మందు ఖర్చు లేదు, కలుపు విత్తనాలూ చాలావరకు చస్తాయి. నా ఓటు దీనికే. మందును తెగులు కనబడిన రోజుకు దాచుకోవాలి.

మట్టిని మరీ శుభ్రం చేసినా చిక్కే. అమెరికాలో విషవాయువుతో శుద్ధి చేసిన మళ్ళలో నిమ్మజాతి నారు గిడసబారిపోయింది. వేళ్ళకు భాస్వరం అందించే మైకోరైజా అనే మేలుచేసే శిలీంధ్రం కూడా చచ్చిపోవడమే కారణమని 1972లో తేల్చారు.

అందుకే శుద్ధి తరువాత మట్టికి మళ్ళీ ప్రాణం పోయాలి. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, తెగులు శిలీంధ్రాలను అణిచే మంచి శిలీంధ్రం ట్రైకోడెర్మా 2 కిలోలు కలిపి, తడి చల్లి, నీడలో వారం పది రోజులు మాగనిచ్చి వేయాలి. పచ్చి పేడ వద్దు, లేతవేళ్ళు మాడతాయి. మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశిని ఉన్న మందు పోసిన రోజే ట్రైకోడెర్మా వేస్తే డబ్బు దండగ.

ఇక యూరియా, డీఏపీ. ముదురాకులు ముందు పాలిపోతే నత్రజని తక్కువైనట్టు, కొద్దిగా యూరియా పనిచేస్తుంది. కొత్త ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా ఉంటే జింకు లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. అక్కడ డీఏపీ గుప్పిస్తే భాస్వరం ఎక్కువై జింకు ఇంకా అందకుండా పోతుంది.