నీటి పక్షులకు ఏది మేలు: వదిలిన వరదా, గట్టు కట్టిన మడుగా, అద్దె పొలమా?

ఎగువన ఆనకట్ట పడ్డాక దిగువ మైదానానికి ఏటా వచ్చే వరద ఆగిపోతుంది. మడుగులు ఎండుతాయి, రెల్లు పలచబడుతుంది. కొంగలు ఒకటి రెండేళ్లు వచ్చి చూసి, ఆ తర్వాత రావడం మానేస్తాయి. వాటిని నిలుపుకోవాలంటే మూడు దారులున్నాయి. జలాశయం నుంచి నీరు వదిలి మైదానాన్ని మళ్లీ ముంచవచ్చు. కొంత నేల చుట్టూ గట్టు పోసి, నీరు తెచ్చి నింపవచ్చు. లేదా రైతులకు డబ్బిచ్చి కొన్ని వారాలు పొలాల్లో నీరు నిలపవచ్చు.

ఏది మేలో తేల్చే ముందు పక్షి అక్కడికి ఎందుకు వస్తోందో చూడాలి. దారిలో దిగి నాలుగు పురుగులు తిని వెళ్లే పక్షి అవసరం వేరు, గూడు కట్టి పిల్లల్ని పెంచే పక్షి అవసరం వేరు.

అద్దె పొలం మొదటి రకానికి చక్కగా సరిపోతుంది. కాలిఫోర్నియాలోని సెంట్రల్ వ్యాలీలో సహజమైన చిత్తడి నేలలు 90 శాతానికి పైగా పోయాయి. అక్కడ వరిగడ్డి తగలబెట్టడాన్ని కట్టడి చేస్తూ 1991లో చట్టం రావడంతో, గడ్డి కుళ్లడానికి రైతులు చలికాలంలో మళ్లకు నీరు పెట్టసాగారు. బాతులకు అది పండగే. చిక్కల్లా లోతులేని నీటిలో, బురదలో మేసే ఉల్లంకి పిట్టలతో వచ్చింది. అవి తిరుగు ప్రయాణంలో దిగే నాటికి రైతులు మళ్లు ఆరబెట్టేస్తారు. 2014 నుంచి నేచర్ కన్సర్వెన్సీ సంస్థ ఆ కొన్ని వారాలకే డబ్బు చెల్లిస్తోంది. ఎంతకు నీరు నిలుపుతారో రైతులే బిడ్లు వేస్తారు. భూమి కొననక్కర్లేదు, రైతుతో తగవు లేదు, వచ్చే ఏడాది వేరే పొలం ఎంచుకోవచ్చు. నాకు నచ్చిన ఏర్పాటు ఇది. కానీ నాలుగు వారాల నీటిలో కొంగ గూడు కట్టదు. పైగా కరువు ఏడాదిలో పొలానికే నీరు లేనప్పుడు బిడ్డు వేసేదెవరు?

గట్టు కట్టిన మడుగుకు రాజస్థాన్‌లో భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ జాతీయ పార్కును మించిన ఉదాహరణ లేదు. దాదాపు 29 చదరపు కిలోమీటర్ల ఆ చిత్తడి నేల మనుషులు గట్లు పోసి తీర్చిదిద్దినదే. ఒకప్పుడు రాజుల వేట మైదానం. 1938లో ఒక్క రోజే 4,273 పక్షులను కాల్చారని అక్కడి రాతి పలక మీద చెక్కి మరీ పెట్టారు. 1985లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. మనిషి కట్టినది కాబట్టి తక్కువని నేననను. దాని చిక్కు వేరే ఉంది: దాన్ని ఏటా నడిపిస్తూనే ఉండాలి. 1982లో పశువుల మేతను నిషేధించారు. గేదెలు తినే గడ్డి ఆ తర్వాత పెరిగి మడుగులనే కమ్మేసింది. మేత పోయిన ఊళ్లవారితో జరిగిన ఘర్షణలో ప్రాణాలూ పోయాయి. అటు ఈ మడుగులకు నీరిచ్చే గంభీర్ నది మీద ఎగువన పాంచనా ఆనకట్ట రావడంతో నీటికి ఏటా పేచీ మొదలైంది. ఇప్పుడు చంబల్ నుంచి గొట్టాల్లోనూ, గోవర్ధన్ డ్రెయిన్ నుంచీ నీరు తెస్తున్నారు. నదిలో వచ్చే వరద తనతోపాటు చేపపిల్లల్నీ, గింజల్నీ మోసుకొస్తుంది. గొట్టంలో వచ్చేది చాలావరకు ఒట్టి నీరే. కొలతకు రెండూ ఒకటే కావచ్చు, పిల్లలకు చేపలు మేపే ఎర్రకాళ్ల కొంగకు మాత్రం కాదు.

ఇక వరద. కామెరూన్‌లో 1979లో మగా ఆనకట్ట కట్టాక లోగోన్ నది మైదానంలో పెద్ద భాగం ఎండిపోయింది. 1994లో ప్రయోగంగా ఒక పాత పాయను తెరిచారు. ఏళ్ల తరబడి నిలిచే గడ్డి జాతులు తిరిగి వచ్చాయి, నీటి పక్షులు పెరిగాయి, పశువుల కాపరులకు ఎండాకాలపు మేత దొరికింది. కేవలాదేవ్‌లో నిషేధంతో విడదీసిన పక్షీ పశువూ ఇక్కడ ఒకే నీటితో బతికాయి. నేను వరద వైపు మొగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

అయితే నీరు వదిలితే చాలదు, ఎంతకాలం వదులుతామన్నది చూడాలి. ఆస్ట్రేలియాలోని మాక్వారీ చిత్తడి నేలల్లో పొడవాటి వంపు ముక్కున్న ఐబిస్ పక్షులు వేల సంఖ్యలో ఒకేచోట గూళ్లు కడతాయి, అదీ వరద పెద్దగా వచ్చిన ఏడాదే. గుడ్లు పొదగడానికి దాదాపు 25 రోజులు, పిల్లలు ఎదగడానికి మరో నెల పైన కావాలి. ఈలోగా గూళ్ల కింద నీరు చటుక్కున తీస్తే పెద్ద పక్షులు గుడ్లనూ పిల్లలనూ వదిలి లేచిపోతాయి. అందుకే ఎగువన బరెండాంగ్ జలాశయంలో పక్షుల వాటాగా దాచిన నీటిని వరద తగ్గే వేళ వదిలి, గూళ్ల కింద మట్టం పడిపోకుండా చూస్తారు. సగంలో ఆపేసే వరద కంటే అసలు వదలకపోవడమే నయం. అప్పుడు కనీసం పక్షులు గుడ్లు పెట్టవు, పిల్లలు చావవు.

వరదకు ఖర్చూ ఎక్కువే. జాంబియాలోని కఫూయే మైదానానికి ఎగువన ఇతెజి-తెజి ఆనకట్ట 1970లలో వచ్చింది విద్యుత్తు కోసం. టర్బైన్లకు ఏడాది పొడుగునా సమంగా నీరు కావాలి, మైదానానికి ఒక్కసారిగా పొంగి మెల్లగా తీసే నీరు కావాలి. ఈ రెండూ ఒక గేటు దగ్గర కుదరడం కష్టం. పైగా ఎండిన మైదానంలో ఈపాటికి ఇళ్లు, పంటలు వెలసి ఉంటాయి. వాళ్లను అడగకుండా నీరు వదిలితే పక్షుల మీద పగ పెరుగుతుంది.

అయినా ఆనకట్ట గేటు మీద మాట చెల్లే చోట నేను వరదనే ఎంచుకుంటాను, గూళ్ల కాలం పూర్తయ్యేంత నీరు ముందే పక్కన పెట్టమని షరతు పెట్టి. అంత నీరు లేని ఏడాది డబ్బును పొలాల అద్దెకు మళ్లిస్తాను, కనీసం దారిన పోయే పక్షులకైనా దిగే చోటు ఉంటుంది. కొత్తగా గట్టు పోసి మడుగు కట్టడం మాత్రం నది పూర్తిగా చేజారిన చోటే. అదీ పక్క ఊళ్ల గేదెలు ఏ నెలలో, ఏ వైపు నుంచి లోపలికి రావచ్చో ఆ ఊళ్లవారితో కూర్చుని రాసుకున్నాకే.