పెరటి పిట్టలకు ఎనిమిది రెట్లు చాలు: నా 8×42 బైనాక్యులర్

బైనాక్యులర్ కొనబోయేవారు ముందుగా అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. పెరటి కోసమైతే "ఎంత దగ్గరి వరకు చూపిస్తుంది?" అని అడగండి. నా 8×42 రెండు మీటర్ల దూరంలోని వాటిని కూడా స్పష్టంగా పట్టిస్తుంది. మందార ఆకుల చాటున గెంతే దర్జీపిట్ట, తొట్టి అంచున వాలిన తూనీగ, గోడ మీది తొండ, అన్నీ నాలుగైదు అడుగులు వేస్తే అందేంత చేరువలోనే ఉంటాయి. దూరం కోసమే చేసిన పరికరాలు సరిగ్గా అక్కడే మసకబారతాయి.

8 అంటే రెట్లు, 42 అంటే ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25 వస్తుంది, కంటికి అందే వెలుగు వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. జేబులో పట్టే 8×25లో అది మూడుకు కాస్త ఎక్కువ, అంతే. తెల్లవారకముందే పొదలోంచి బయటికొచ్చే జెముడుకాకి ఎర్రని కన్ను, ఇటుకరంగు రెక్కలు నాకు విడివిడిగా తెలిసేది ఈ తేడా వల్లనే. పది రెట్లదైతే చేతి వణుకూ పెద్దదవుతుంది, చూపు పరిధీ తగ్గుతుంది. కొమ్మ మారే పిట్టను వెతుక్కునేలోపు అది ఎగిరిపోతుంది.

దీని విలువ ఏడాది పొడవునా వాడితేనే తెలుస్తుంది. జత కట్టే కాలంలో మగ ఊదా తేనెపిట్ట నల్లగా ఉంటుంది, ఎండ పడగానే నీలం, ఊదా మెరుస్తాయి. ఆ కాలం దాటాక ఈకలు మారి ఆడపిట్టలా పసుపు పొట్టతో తిరుగుతుంది. గొంతు నుంచి కిందికి దిగే నల్లని చారను బట్టే అది మగదని పోల్చుకోవాలి. ఉత్త కంటితో నాకు ఆ చార ఎప్పుడూ దొరకలేదు. మగ తొండ మెడ ఎర్రబారడం, ఎదుటి మగతొండను చూసి ముందుకాళ్ల మీద లేస్తూ తల ఆడించడం, కాకి తన గూట్లో పెరిగిన కోయిల పిల్ల నోటికి మేత అందించడం కూడా దీనిలోంచే తీరిగ్గా చూశాను. కాకి మేత పెడుతుంటే పిల్ల నోరు ఎంత తెరుస్తుందో చూసి తీరాలి!

లోపాలు లేకపోలేదు. బరువు 650 గ్రాములు దాటింది, ఇచ్చిన మెడపట్టీ సన్నగా ఉండి ఒరుసుకుంటుంది. వెడల్పాటిది విడిగా తీసుకోండి. ముందు కటకాల మూతలు వదులు. కళ్లజోడు ఉన్నవారు కంటిగిన్నెలను, అంటే కన్ను ఆనించే చోటి గుండ్రటి అంచులను, లోపలికి తిప్పేస్తే దృశ్యం అంచుల వరకు కనిపిస్తుంది. లోపల నైట్రోజన్ నింపి మూసినది కావడంతో వానాకాలంలో లోపలివైపు ఆవిరి పట్టలేదు.

కొన్నాక ముందు చేయవలసిన పని: ఎడమ కంటికి మధ్య చక్రంతో సరిచేసి, తర్వాత కుడి కంటికి అక్కడున్న చిన్న వలయాన్ని తిప్పి సరిచేసుకోండి. కిటికీ అద్దం వెనక నుంచి చూస్తే ఎంత మంచి కటకమైనా బొమ్మ చెదిరిపోతుంది, రెక్క తెరవండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పవద్దు, పిల్లల చేతికిచ్చినప్పుడు మరీ జాగ్రత్త.