జూనో: ఆ పంచులు కొన్ని తగ్గించి ఉంటే

జూనో (2007) అనే ఇంగ్లిష్ సినిమా నిన్న రాత్రి మళ్లీ చూసా, మొదటి ఇరవై నిమిషాలు మాత్రం చిరాకేసింది. పదహారేళ్ల పిల్ల జూనో ఒకే రోజులో మూడోసారి ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకుంటుంటే షాపులో కౌంటర్ దగ్గరున్నోడూ పంచులే, ఫ్రెండూ పంచులే, హాంబర్గర్ ఆకారంలో ఉన్న ఫోన్ పట్టుకుని జూనో కూడా పంచులే... ఊళ్లో ఒక్కరైనా మామూలుగా మాట్లాడరా బాబూ! డయాబ్లో కోడీకి ఈ స్క్రిప్ట్‌కే ఆస్కార్ వచ్చింది, అది తర్వాతి భాగానికి ఇచ్చారనుకుని సర్దుకున్నా.

ఇంట్లో చెప్పే సీన్ దగ్గర్నుంచి సినిమా దార్లో పడుద్ది. మన సినిమాలైతే ఈపాటికి వాంతులు, చెంపదెబ్బ, తండ్రి గుండె పట్టుకుని కూలబడటం, వీధంతా పరువు గోల. ఇక్కడ పిల్ల అటు వెళ్లగానే తండ్రి (జె.కె. సిమన్స్), సవతి తల్లి (ఆలిసన్ జానీ) ఏమంటారంటే, స్కూల్లోంచి తీసేసారనో డ్రగ్స్ అనో చెప్తుందనుకున్నాం, అదైనా బాగుండేదని! నవ్వొస్తుంది, ఆయన మొహం చూస్తే ఆగిపోద్ది. స్కానింగ్ గదిలో టెక్నీషియన్ నోరు జారితే ఆ సవతి తల్లి దులిపేస్తది చూడండి, సవతి తల్లంటే గయ్యాళే అని చూస్తూ పెరిగిన ప్రాణానికి ఎంత హాయో.

కాలేజీ రోజుల్లో చూసినప్పుడు జూనో బిడ్డని దత్తత తీసుకుందామనుకున్న జంటలో నేను మొగుడి పార్టీ. ఒకప్పుడు బ్యాండు, ఇప్పుడు యాడ్స్‌కి ట్యూన్లు, హారర్ సినిమాల పిచ్చి, భలే కూల్ అనుకున్నా. ఇప్పుడు చూస్తే బాధ్యత అనగానే జారుకునే రకం, అంతే. అన్నీ పద్ధతిగా ఉండాలనే అతని పెళ్లాం వెనెసాని (జెన్నిఫర్ గార్నర్) చూసి మొదట నవ్వుకున్నా కదా, మాల్‌లో మోకాళ్ల మీద కూర్చుని జూనో పొట్టతో మాట్లాడుతుంటే లోపల బిడ్డ కదిలినప్పుడు ఆమె మొహం చూసి నాకే సిగ్గేసింది.

నచ్చనిది చెప్తా. అబార్షన్ క్లినిక్ దాకా వెళ్లిన పిల్ల, లోపలి బిడ్డకి గోళ్లుంటాయని బయట క్లాస్‌మేట్ అన్న మాట పట్టుకుని పారిపోయొస్తది, అంత పెద్ద నిర్ణయాన్ని ఒక జోకుతో తేల్చేసారు. ఇంక ఆ బిడ్డకి తండ్రైన కుర్రాడు బ్లీకర్ (మైకేల్ సెరా), పాపం ఆరెంజ్ టిక్‌టాక్ బిళ్లలు తింటాడు, పరిగెడతాడు. స్కూలంతా జూనో పొట్టనే చూస్తుంటే వాడిని అడిగే నాథుడు లేడు, జూనో ఒకసారి ఆ మాట మొహం మీదే అనేస్తది, డైరెక్టర్ జేసన్ రైట్‌మన్ అక్కడే కాసేపు ఆగాల్సింది.

జూనోగా ఇలియట్ పేజ్ నటన కోసమైనా చూడండి, సబ్‌టైటిల్స్ పెట్టుకునే, ఆ స్లాంగ్ సగం నాకు ఇప్పటికీ ఎక్కలేదు.