బుద్ధగయ: లాడ్జి వద్దు, విహారంలో దిగండి

పిండప్రదానానికి గయ వెళ్ళే మనవాళ్ళు చాలామంది విష్ణుపాదం చూసుకుని నేరుగా కాశీ రైలెక్కేస్తారు. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని బుద్ధగయకి రెండు రోజులు కేటాయించండి. ఆటోకి మేమిచ్చింది 350.

గయలో తాతగారి కార్యం సాఫీగా జరిగింది. మా ఒళ్ళు మండించింది బుద్ధగయ లాడ్జి. ఫోన్లో 1,600 అన్న గది, దిగాక ఏసీవే ఖాళీ అంటూ 2,400 అయింది. డిసెంబరు చలిలో ఏసీ ఎవరికి కావాలి? గీజర్ పనిచేయదు, బకెట్ వేడినీళ్ళకి 50. డెబ్బై దాటిన నాన్న చన్నీళ్ళు పోసుకుని వణుకుతుంటే మా ఆవిడ కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకుంది. పైసా తగ్గించలేదు.

మర్నాడు ఒక విహారం అతిథిగృహానికి మారాం. శుభ్రమైన గది, మందపాటి దుప్పట్లు, వేడినీళ్ళు. ఎంతివ్వాలంటే భిక్షువు హుండీ చూపించి "మీ ఇష్టం" అన్నారు. రోజుకి 800 వేశాం. నాన్న ముఖం అప్పుడు విచ్చుకుంది.

మహాబోధి ఆలయంలోకి ఫోన్లు రానివ్వరు, అదే మంచిది. ఇప్పుడున్న బోధివృక్షం, పాతది 1876లో గాలివానకి కూలాక బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ నాటించినది. "ఇక్కడ ఏం కోరుకోవాలిరా?" అన్నారు నాన్న. కోరికే దుఃఖానికి మూలమని తెలుసుకున్న చోటిది. ఆ దాహం ఆర్పుకోవడమే బతుకు గమ్యమన్నాడు బుద్ధుడు, ఎవరిది వారే ఆర్పుకోవాలన్నాడు. జ్ఞానోదయం తర్వాత ఒక వారమంతా ఆయన ఈ చెట్టునే రెప్పవేయకుండా చూస్తూ నిలబడ్డాడని చెబుతారు. ఆ చోటికి అనిమేషలోచనమని పేరు. వరాలివ్వని చెట్టుకి అంత కృతజ్ఞత! పవిత్రత అంటే నాకు ఇదే.

చెట్టుకి కాస్త దూరంలో ఒక టిబెటన్ అవ్వ సాష్టాంగాలు చేస్తోంది. కింద చెక్కపలక అరిగి అద్దంలా మెరుస్తోంది. అరచేతులకి గుడ్డమెత్తలు. చేతులు సర్రున ముందుకి జారేవి, నుదురు పలకకి తగిలేది, లేచి ఒక పూస జరిపేది. నాన్న ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయారు. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి మమ్మల్ని లేపింది ఆయనే.

బయట అమ్మే రావి ఆకులు కొనకండి. ఓపిగ్గా కూర్చుంటే చెట్టే రాలుస్తుంది. నది అవతల సుజాత స్తూపానికి రానుపోను ఆటో 250. బడికి చందా అంటూ వెంటపడేవాళ్ళుంటారు, స్తూపం దగ్గరే దింపమని ముందే చెప్పండి. కఠోర ఉపవాసాలతో ఎముకల గూడైన సిద్ధార్థుడు సుజాత పాయసం తిని దారి మార్చుకున్నది ఆ ఊళ్ళోనే. కార్యమైనప్పటి నుంచి ఒంటిపూట ఉంటున్న నాన్నతో మా ఆవిడ, "బుద్ధుడంతటివాడే తిన్నాడు, మీరూ తినండి మావయ్యా" అంది. ఆ రాత్రి టిబెటన్ హోటల్లో 120 రూపాయల వెజ్ తుక్పా (నూడుల్స్ సూప్) గిన్నె ఖాళీ చేశారాయన.